మీ మస్టాంగ్ పుట్టిల్లు మిల్పిటాస్

పాత అమెరికన్ కార్లు కొన్న పాఠకుల ఉత్తరాలకు ఈ నెల సమాధానాలు

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): నమస్కారం. చాలా ఏళ్ల కోరిక తీర్చుకుంటూ గత నెలలో నేనొక పాత ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. రెండు తలుపుల హార్డ్‌టాప్, ఎర్ర రంగు, ఆటోమేటిక్ గేరుబాక్సు. ఇది 1965 నాటి వీ8 కారనీ, ఇంజన్ 289 అనీ అమ్మినాయన చెప్పారు. టైటిల్ కాగితంలో మాత్రం 1966 అని ఉంది. బానెట్ ఎత్తి చూస్తే డ్రైవరు వైపు లోపలి రేకు మీద 6ఆర్07టీ1 అని మొదలయ్యే నంబరు కనిపించింది. డ్రైవరు తలుపు అంచున ఉన్న పలక మీద 65ఏ, ఎం, 26, 08సీ, 72, 2, 6 అని వరుసగా చెక్కి ఉంది. ఒక్కో చక్రానికి నాలుగేసి నట్లున్నాయి. వాన కురిసిన మర్నాడు ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటోంది. మా ఆవిడను, పదేళ్ల బాబును ఎక్కించుకుని శని, ఆదివారాల్లో తిరగాలని నా ఉద్దేశం. ఐదు గేర్ల గేరుబాక్సు, ఏసీ, మంచి బ్రేకులు పెట్టించాలనుకుంటున్నాను. అన్నీ ఒకేసారి చేయించే స్తోమత లేదు. ఇంతకూ నేను కొన్నది ఏ కారు? దేనితో మొదలుపెట్టమంటారు?

సమాధానం: మీరు కొన్నది 1966 మోడల్ కారు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున అందులో ఉన్నది ఎనిమిది సిలిండర్ల వీ8 కాదు, ఆరు సిలిండర్ల ఇంజన్. ఇది విని మీరు మనసు కష్టపెట్టుకోనక్కర లేదు. ఆరు సిలిండర్ల మస్టాంగ్ తక్కువ కారేమీ కాదు. కానీ ఈ సంగతి తెలియకుండా ఒక్క సామాను కొన్నా డబ్బు వృథా అవుతుంది, అంతకన్నా ముఖ్యంగా మీ ఇంటివాళ్ల ప్రాణాలకు ముప్పు ఉంటుంది. అందుకే బ్రేకుల మాట ఎత్తే ముందు ఆ నంబరును అక్షరం అక్షరంగా చదువుకుందాం.

మొదటి అంకె 6 మోడల్ సంవత్సరాన్ని, అంటే 1966ను చెబుతుంది. ఆర్ అక్షరం కారు తయారైన చోటు, శాన్ హోసే కర్మాగారం. ఎఫ్ ఉంటే మిషిగన్‌లోని డియర్‌బోర్న్, టీ ఉంటే న్యూజెర్సీలోని మెటచెన్ అని అర్థం. 07 అంటే మడవని గట్టి కప్పు గల హార్డ్‌టాప్. 08 అయితే పైకప్పు మడిచే కన్వర్టిబుల్, 09 అయితే కప్పు వెనక్కి ఏటవాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్. ఆ తర్వాతి అక్షరమే మీ కారు అసలు రహస్యం. టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల, ఆరు సిలిండర్ల, 120 హార్స్‌పవర్ ఇంజన్. కారు 289 ఇంజన్‌తోనే, అంటే 289 క్యూబిక్ అంగుళాల వీ8తోనే పుట్టి ఉంటే అక్కడ సీ, ఏ, కే అక్షరాల్లో ఒకటి ఉండేది: సీ అంటే రెండు బ్యారెళ్ల కార్బ్యురేటరుతో 200 హార్స్‌పవర్, ఏ అంటే నాలుగు బ్యారెళ్లతో 225, కే అంటే 271 హార్స్‌పవర్ ప్రత్యేక ఇంజన్. చివరి ఆరంకెలు ఆ ఏడాది ఆ కర్మాగారంలో మీ కారుకు దక్కిన వరుస సంఖ్య. అది 100001తో మొదలవుతుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. శాన్ హోసే కర్మాగారం అని పేరే గానీ, అది నిజంగా ఉన్నది మీ పక్క ఊరు మిల్పిటాస్‌లో. 1955లో మొదలై 1983లో మూతపడిన ఆ కర్మాగారం కట్టడమే తర్వాత మార్పులు చేర్పులతో 1994లో గ్రేట్ మాల్‌గా తెరుచుకుంది. పండగ బట్టల కోసమో, పిల్లల బూట్ల కోసమో మన తెలుగు కుటుంబాలు వారం వారం తిరిగే ఆ నడవల్లోనే ఒకప్పుడు మీ కారుకు తలుపులు బిగించారు, రంగు వేశారు. ఓ ఆదివారం కారును ఆ మాల్ ముందు నిలబెట్టి ఫోటో తీసుకోండి. అది దాని పుట్టిల్లు.

తలుపు మీది పలక కూడా ఇదే కథ చెబుతోంది. 65ఏ అంటే మామూలు అలంకరణతో, ముందు విడివిడి సీట్లతో ఉన్న హార్డ్‌టాప్. ఎం అంటే వింబుల్డన్ వైట్ అనే తెలుపు, అంటే మీ ఎర్ర కారు పుట్టుకతో తెల్లది. కార్పెట్ అంచు ఎత్తి, డ్యాష్‌బోర్డు వెనకా, డిక్కీ లోపలి మూలల్లోనూ టార్చ్ లైటుతో వెతికితే ఆ తెలుపు ఎక్కడో ఒకచోట కనపడక మానదు. 26 అంటే నల్ల వినైల్ సీట్లు. 08సీ తయారీ తేదీ: సీ మూడో నెల కాబట్టి 1966 మార్చి 8. 72 కారును పంపిన అమ్మకాల జిల్లా, అది కూడా శాన్ హోసేయే, అంటే కారు పుట్టిన చోటనే అమ్ముడైంది. 2 అంటే వెనక ఇరుసు నిష్పత్తి 2.83 (వెనక చక్రాలు ఒక్కసారి తిరగడానికి గేరుబాక్సు నుంచి వచ్చే కడ్డీ 2.83 సార్లు తిరగాలి), చివరి 6 అంటే సీ4 ఆటోమేటిక్ గేరుబాక్సు. 2.83 నిష్పత్తి ఆరు సిలిండర్ల కార్లకు ఇచ్చినది కాబట్టి పలక, నంబరు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. అయినా పలకను ఒక్కదాన్నే నమ్మకండి. అది రెండు రివెట్లతో బిగించిన రేకు ముక్క. తలుపు మారితే దానితో పాటు పోతుంది, కొత్త పలకలు చెక్కి అమ్మేవాళ్లూ ఉన్నారు. బానెట్ కింద రేకులోకి దిగగుద్దిన నంబరే ప్రమాణం. టైటిల్‌లోని నంబరు దానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సరిపోకపోతే ఇంకొక్క డాలరు కూడా పెట్టకుండా కారును డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ శాఖ) తనిఖీకి తీసుకువెళ్లండి. తుప్పు బాగు చేసే నెపంతో ఆ నంబరు ఉన్న రేకును కోయనివ్వవద్దు; అది చట్టరీత్యా పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

అమ్మినాయన 1965 అని ఎందుకన్నారో నాకు అర్థమవుతోంది. రెండు సంవత్సరాల కార్లూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తేడా చూడవలసింది ముందు గ్రిల్లులో, డ్యాష్‌బోర్డులో. 1965 గ్రిల్లులో పరుగెత్తే గుర్రం బొమ్మకు అటూ ఇటూ అడ్డపట్టీలు ఉంటాయి. 1966లో ఆ పట్టీలు తీసేసి గుర్రాన్ని గాలిలో తేలుతున్నట్టుగా వదిలారు. 1965 మామూలు కార్లలో వేగం చూపే మీటరు అడ్డంగా పొడుగ్గా ఉంటే, 1966లో అన్ని కార్లకూ ఐదు గుండ్రటి మీటర్లు వచ్చాయి. మీ డ్యాష్‌బోర్డులో ఐదు గుండ్రటి మీటర్లుండి, ముందు మాత్రం 1965 గ్రిల్లు ఉంటే, ఎప్పుడో ఢీకొన్న కారుకు దొరికిన గ్రిల్లు తగిలించారని అనుకోవచ్చు. ముందు ఫెండరు మీది 289 బిళ్లను కూడా సాక్ష్యంగా తీసుకోకండి, అది ఇప్పటికీ కొత్తది కొనుక్కోవచ్చు.

ఇక మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన మాట నాలుగు నట్లు. ఆ కాలపు ఫోర్డ్ కంపెనీ ఆరు సిలిండర్ల మస్టాంగుకు చక్రానికి నాలుగు నట్లు, వీ8కు ఐదు నట్లు పెట్టింది. అది ఒక్క నట్టు తేడా కాదు. నాలుగు నట్ల కారులో ముందు బ్రేకు డ్రమ్ములు 9 అంగుళాలవి, చక్రం తిరిగే స్పిండిల్ సన్నది, స్టీరింగు కడ్డీలు సన్నవి, స్ప్రింగులు తేలిక ఇంజనుకు సరిపడేవి, వెనక డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు పంచే పళ్లచక్రాల గుండు) 7.25 అంగుళాల చిన్నది. ఐదు నట్ల కారులో డ్రమ్ములు 10 అంగుళాలవి, డిఫరెన్షియల్ 8 అంగుళాలది, మిగతా భాగాలన్నీ అందుకు తగినట్టే బలమైనవి. అంటే మీ కారులో ఎవరో బరువైన, చాలా ఎక్కువ శక్తి గల ఇంజన్ దించి, దాన్ని మోయవలసిన భాగాలనూ ఆపవలసిన భాగాలనూ ముట్టుకోలేదు. ఎక్కువ శక్తిని తక్కువ బ్రేకులతో ఆపమని ఆ కారును అడుగుతున్నాం. ఈ పని పూర్తయ్యే దాకా దయచేసి బాబును ఎక్కించుకుని హైవే ఎక్కకండి.

నా మాట మీద నమ్మకం ఉంచడమే కాకుండా మీరే చూసి నిర్ధారించుకోండి. కారు కిందికి వంగి వెనక ఇరుసు మధ్య భాగం చూడండి. వెనకవైపు బోల్టులతో బిగించిన మూత ఉంటే అది 7.25 అంగుళాల చిన్న డిఫరెన్షియల్. వెనకవైపు మూతేమీ లేకుండా నున్నగా ఉండి, పళ్లచక్రాల గుండు ముందువైపు నుంచి ఊడివచ్చేలా ఉంటే అది 8 అంగుళాలది. ముందు చక్రాలు మాత్రమే వదిలేసి వెనక ఇరుసు మార్చినవాళ్లూ ఉన్నారు, అందుకని నాలుగు చక్రాల నట్లూ లెక్కపెట్టండి.

ఇంజన్ 289 అవునో కాదో కూడా తేల్చుకోవాలి. పోత నంబరు ఇంజన్ కుడి పక్కన, స్టార్టరు మోటారు వెనక దాక్కుని ఉంటుంది. స్టార్టరు విప్పి, వైరు బ్రష్షుతో జిడ్డు గీకి, తడి గుడ్డతో తుడిచి చూడండి. సీ5ఏఈ అనో సీ6ఏఈ అనో మొదలైతే ఆ అక్షరాలను ఇలా చదవాలి: సీ అంటే 1960ల దశాబ్దం, 5 లేదా 6 అంటే 1965 లేదా 1966, ఏ అంటే మొదట పెద్ద ఫోర్డ్ కార్ల కోసం గీసిన డిజైను, ఈ అంటే ఇంజన్ విభాగం. మధ్యలో 6015 ఉంటే అది సిలిండర్ బ్లాకు సంఖ్య. సీ8 అని మొదలైతే మీ దగ్గరున్నది 1968లో వచ్చిన 302 కుటుంబం. దగ్గరలోనే అంకె, అక్షరం, అంకెలతో పోత పోసిన తేదీ కూడా ఉంటుంది. 6బీ14 అంటే 1966 ఫిబ్రవరి 14. రెండింటిలో ఏదైనా దిగులు పడవలసింది లేదు, రెండూ మంచి ఇంజన్లే. తెలియకపోతే మాత్రం సామాను తప్పుతుంది. నేను మొదటిసారి ఇలాంటి కారును చేతికి తీసుకున్నప్పుడు ఫెండరు మీది బిళ్లనే నమ్మి, ముందు బ్రేకుల సామానంతా వీ8 కొలతతో తెప్పించాను. స్పిండిల్‌కు ఒక్క బేరింగూ పట్టలేదు. సామాను వెనక్కి పంపడానికే ఇరవై రోజులు పట్టింది, ఆ ఇరవై రోజులూ కారు స్టాండ్ల మీదనే ఉంది. అప్పటి నుంచి నంబరు చదవనిదే పానా పట్టుకోవడం మానేశాను.

ఏది ముందు చేయించాలో ఇప్పుడు చెబుతాను. మొదటి ఖర్చు ముందు భాగానికి: వీ8 కొలత స్పిండిళ్లు, వాటితో డిస్క్ బ్రేకులు, వీ8 స్టీరింగు కడ్డీలు, వీ8 స్ప్రింగులు, అన్నీ ఒకే విడతలో. స్పిండిల్ మారిస్తే కడ్డీల చివరలు మారక తప్పవు, విడదీసి చేస్తే కూలి రెండుసార్లు అవుతుంది. వీటితో పాటే, పెడల్ నొక్కినప్పుడు బ్రేకు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు. 1966 కారులో అది ఒకే గదిది, అంటే ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు గదుల మాస్టర్ సిలిండరు 1967 నుంచి అమెరికన్ కార్లన్నిటికీ వచ్చింది, దాన్ని మీ కారుకు అమర్చడం పెద్ద పనేమీ కాదు. కానీ డ్రమ్ముల కోసం చేసిన సిలిండరునే డిస్కులకు తగిలించనివ్వవద్దు. డ్రమ్ముల గొట్టంలో కొంత ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కుకు అదే ఉంటే ప్యాడ్లు డిస్కును వదలక రాసుకుంటూ వేడెక్కిపోతాయి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్నప్పుడు వెనకకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు కూడా కావాలి, లేకపోతే గట్టిగా నొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు పక్కకు తిరుగుతుంది.

రెండో ఖర్చు వెనక ఇరుసు. 1965, 1966 వీ8 మస్టాంగ్ నుంచి తీసిన 8 అంగుళాల ఇరుసు మీ కారుకు కోత, కొత్త వెల్డింగు లేకుండా అలాగే కూర్చుంటుంది. కొత్త ఇరుసు తెచ్చేటప్పుడే దాని నిష్పత్తి కూడా చూసుకోండి. ఎందుకంటే మీరు అడిగిన ఐదు గేర్ల బాక్సు సంగతి దీని మీదే ఆధారపడి ఉంది. తర్వాతి కాలపు మస్టాంగుల్లో వచ్చిన టీ5 బాక్సులో ఐదో గేరు నిష్పత్తి సాధారణంగా 0.68 దగ్గర ఉంటుంది; దాన్ని 2.83తో గుణిస్తే రెండుకు లోపే వస్తుంది, అంటే గంటకు 65 మైళ్ల దగ్గర కూడా ఇంజన్ ఊపిరాడనట్టు మూలుగుతుంది. 3.25 నుంచి 3.55 మధ్య నిష్పత్తి ఉంటేనే ఐదో గేరు పనికొస్తుంది. పైగా మీ ఆటోమేటిక్ కారుకు క్లచ్ పెడల్ అమరిక మొత్తం కొత్తగా కట్టాలి. నన్నడిగితే, ఈ ఏడాదికి సీ4నే ఉంచండి. నూనె మార్చి, లీకులు ఆపితే అది చాలా నమ్మకమైన బాక్సు.

కార్పెట్ తడవడాన్ని మాత్రం చిన్న విషయంగా తీసుకోకండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి వెళ్లే జల్లెడలాంటి రేకు ఉంటుంది. దాని కింద గాలి గొట్టాల చుట్టూ ఉన్న రేకు అంచుల్లో ఆకులూ మట్టీ చేరి, తడి ఆరక, కంటికి కనపడకుండా తుప్పు పడుతుంది. కార్పెట్ ఎత్తేసి, మరొకరు చెంబుతో ఆ జల్లెడ మీద నీళ్లు పోస్తుండగా మీరు టార్చ్ లైటు పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద పడుకుని చూడండి. ధార ఎక్కడి నుంచి వస్తోందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. పై రేకు వెల్డింగుతో అతికి ఉంటుంది కాబట్టి సరైన మరమ్మతు అంటే ఆ అతుకులు డ్రిల్లుతో విప్పి, లోపలి రేకు మార్చి, మళ్లీ అతకడమే. ప్లాస్టిక్ మూతలూ, జిగురులూ ఓ వానాకాలం కాపాడతాయి, అంతే. నీరు ఎన్నేళ్లుగా కారుతోందో తెలియదు కాబట్టి కాళ్ల కింది రేకునూ, దాని కింద పొడుగునా వెళ్లే పెట్టెల్లాంటి పట్టీలనూ స్క్రూడ్రైవరు కొనతో పొడిచి చూడండి. ఈ కారుకు విడి ఛాసిస్ లేదు, ఆ పట్టీలే దాని వెన్నెముక. అవి మెత్తబడి ఉంటే ఆ మరమ్మతు బ్రేకులతో సమానమైన అవసరం.

బాబు వెనక కూర్చుంటాడు కాబట్టి ఇంకో రెండు సంగతులు. ఈ కారులో పెట్రోలు ట్యాంకు పై రేకే డిక్కీ నేల. దానికీ వెనక సీటుకూ మధ్య గట్టి గోడ లేదు, వెనక నుంచి పెద్ద దెబ్బ తగిలితే పెట్రోలు నేరుగా మనుషుల మీదికి వచ్చే దారి ఉంది. డిక్కీకీ సీటుకూ మధ్య బిగించే ఉక్కు పలక ఖరీదు తక్కువ, బిగించడానికి ఒక పూట చాలు, కారు రూపంలో ఏ మార్పూ రాదు. బ్రేకుల తర్వాత నేను మొదట చేయించేది అదే. రెండోది బెల్టులు. హార్డ్‌టాప్‌కు తలుపుల వెనక పైదాకా వెళ్లే స్తంభం లేదు కాబట్టి భుజం మీదుగా వచ్చే బెల్టుకు పైన పట్టు చిక్కదు. కప్పు అంచు లోపల గట్టి పలక వెల్డింగు చేసి, దానికి మాత్రమే బోల్టు వేయించాలి. పలుచటి రేకుకు స్క్రూలతో బిగించిన బెల్టు ఢీకొన్నప్పుడు ఊడి చేతికొస్తుంది.

మిగతావి నెమ్మదిగా చేసుకోవచ్చు. ఇంధన గొట్టాలు పాతవైతే ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలును తట్టుకునే రబ్బరుతో వెంటనే మార్చండి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే కారు ఉదయాన్నే ఒక్క తాళానికి లేస్తుంది, కానీ కాయిల్‌కు వెళ్లే గులాబీ రంగు తీగ వోల్టేజీని కావాలనే తగ్గిస్తుంది, కొత్త మాడ్యూలుకు పూర్తి 12 వోల్టులు వేరే తీగతో ఇవ్వాలి. ఈ ఇంజన్ల క్యామ్‌షాఫ్టుకు జింక్ ఎక్కువగా ఉండే నూనె పోయడం మంచిది. సీసం లేని పెట్రోలు వల్ల వాల్వు సీట్లు అరుగుతాయన్న భయంతో ఇప్పుడే హెడ్డు విప్పనక్కర లేదు; వేరే కారణంతో విప్పిన రోజున గట్టి సీట్లు వేయించుకుంటే సరిపోతుంది. ఏసీకి పెద్ద ఆల్టర్నేటరు, పెద్ద రేడియేటరు తోడు కావాలి కనుక దాన్ని చివరికి ఉంచండి. 1975, అంతకు ముందు మోడళ్లకు కాలిఫోర్నియాలో పొగ పరీక్ష లేదు కాబట్టి ఇంజన్ మార్పు గురించి ఆ దిక్కున బెంగ అవసరం లేదు.

అసలుతనం పోతుందేమోనని వెనకాడకండి. 1965, 1966 మోడళ్లు రెండూ కలిపి పన్నెండున్నర లక్షలకు పైగా మస్టాంగులు తయారయ్యాయి, వాటిలో అత్యధికం మీలాంటి హార్డ్‌టాపులే. ఇంజన్ ఎలాగూ మారిపోయిన మీ కారుకు మంచి బ్రేకులు పెట్టడం వల్ల విలువ తగ్గదు. విప్పిన నాలుగు నట్ల భాగాలను మాత్రం పారేయకుండా చీటీ కట్టి దాచండి, ఆరు సిలిండర్ల కారును యథాతథంగా నిలబెట్టేవాళ్లకు అవి కావాలి.

ప్రశ్న (డల్లాస్, టెక్సస్): మా నాన్నగారు రిటైరై మా దగ్గరికి వచ్చారు. ఆయనకు పాత యంత్రాలంటే ప్రాణం కావడంతో ఇద్దరం కలిసి పని చేద్దామని మస్టాంగ్ హార్డ్‌టాప్ కొన్నాం. నంబరు 5ఎఫ్07ఎఫ్1 అని మొదలవుతుంది, పలక మీద తేదీ 20ఈ. డ్యాష్‌బోర్డులో జెన్ అనే దీపం ఉంది. దీన్ని 1964న్నర మోడల్ అంటున్నారు. టైటిల్‌లో 1965 అనే ఉంది. ఏది నిజం? ఆల్టర్నేటరు, ఐదు గేర్ల బాక్సు పెట్టవచ్చా?

సమాధానం: రెండూ నిజమే. మస్టాంగ్‌ను 1964 ఏప్రిల్ 17న అమ్మకానికి పెట్టారు. ఆ రోజు నుంచే అమ్మిన కార్లన్నిటికీ ఫోర్డ్ కంపెనీ మొదటి అంకె 5నే ఇచ్చింది, కాబట్టి చట్టం దృష్టిలో అవన్నీ 1965 కార్లే. 1964న్నర అనేది ఆ ఏడాది వేసవి దాకా తయారైన తొలి కార్లను వేరుగా గుర్తించడానికి అభిమానులు వాడే మాట. మీది డియర్‌బోర్న్‌లో 1964 మే 20 తేదీతో తయారైన కారు. నంబరులో రెండుసార్లు వచ్చిన ఎఫ్‌లలో మొదటిది ఊరు, రెండోది 260 క్యూబిక్ అంగుళాల, 164 హార్స్‌పవర్ వీ8 ఇంజన్. ఆ ఇంజన్‌ను మస్టాంగ్‌లో తొలి నెలల్లో మాత్రమే పెట్టారు, తర్వాత దాని స్థానంలోకి 289 వచ్చింది. మీ జెన్ దీపం సూచించే జనరేటరు కూడా అంతే. ఆ వేసవి తర్వాత వచ్చిన కార్లలో ఆల్టర్నేటరు ఉంటుంది, దీపం మీద ఏఎల్‌టీ అని ఉంటుంది. మీ కారులో ఇంజన్, జనరేటరు, దీపం, తేదీ నాలుగూ ఒకే మాట చెబుతున్నాయంటే ఆరు దశాబ్దాలుగా ఎవరూ దాన్ని చెడగొట్టలేదని అర్థం.

అందుకే ఫ్రీమాంట్ పాఠకుడికి చెప్పిన సలహా మీకు చెప్పను. గేరుబాక్సు ఆలోచన మానుకోండి. దానికి సాంకేతిక కారణం కూడా ఉంది. 260కీ తొలి 289కీ గేరుబాక్సు ముందుండే గంట ఆకారపు తొడుగును ఇంజన్‌కు పట్టే బోల్టులు ఐదు, తర్వాతి ఇంజన్లకు ఆరు. ఇప్పుడు దొరికే సామానులో ఎక్కువ భాగం ఆరు బోల్టులదే. ఐదు బోల్టుల ఇంజన్‌కు దాన్ని అతికించే దారులున్నాయి గానీ, అంత శ్రమపడి తొలి నెలల కారును మార్చడం నాకు న్యాయంగా తోచదు. జనరేటరును బాగు చేయించి వాడుకోండి. రాత్రిపూట ఎక్కువ తిరిగేట్టయితే ముందు దీపాలకు రిలేలు పెట్టండి, స్విచ్చి మీద భారం తగ్గి వెలుగు పెరుగుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయవచ్చు. రెండు గదుల మాస్టర్ సిలిండరు మాత్రం మీరూ పెట్టించుకోండి. పాత సిలిండరును గుడ్డలో చుట్టి డిక్కీలో పెడితే కారు అసలుతనానికి ఏ లోటూ రాదు. ఈ కారు మీద పని చేయడానికి మీ నాన్నగారికి ఎలక్ట్రానిక్ పరికరాలేవీ అక్కర లేదు. పానాలు, ఫీలర్ గేజి, టైమింగ్ దీపం ఉంటే నెలల తరబడి చేసేంత పని అందులోనే ఉంది.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): నేను కొనబోయే మస్టాంగ్ నంబరు 5టీ07కే అని మొదలవుతుంది. ఇంజన్ 302, బాక్సు ఆటోమేటిక్. పలక మీద బాక్సు సంఖ్య 6. కే కారు కాబట్టి ధర ఎక్కువ అడుగుతున్నారు. న్యాయమేనా?

సమాధానం: తొందరపడి బయానా ఇవ్వకండి. 1965 కే కార్లను నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సుతోనే అమ్మారు, దాని సంఖ్య 5. కేకు ఆటోమేటిక్ ఇచ్చింది 1966లో. మీరు చూసిన పలక మీద 6 ఉందంటే పలకైనా ఈ కారుది కాదు, నంబరులోని ఆ కే అయినా సందేహించదగినది. బానెట్ కింద నంబరు ఉన్న రేకు చుట్టూ కొత్త వెల్డింగు గీతలున్నాయేమో, అక్షరాల లోతూ వరుసా ఒకేలా ఉన్నాయేమో చూడండి. ఫెండరు విప్పితే రెండు పక్కలా లోపలి రేకుల మీద ఆ నంబరే మళ్లీ ఉంటుంది. అమ్మేవారు ఫెండరు విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి. వెనక ఇరుసు కూడా చూడండి, కే కారుకు 9 అంగుళాల డిఫరెన్షియల్ ఉండాలి. నంబరు నిజమని తేలినా ఇంజన్, బాక్సు రెండూ పోయిన కారుకు పూర్తి కే ధర ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

నంబరులోని టీ అంటే మెటచెన్ కర్మాగారం. అది ఉన్నది మీ ఎడిసన్‌లోనే, 1948 నుంచి 2004 దాకా నడిచింది. కారు నిజమైనదైతే అరవై ఏళ్ల తర్వాత పుట్టిన ఊరికే తిరిగి చేరినట్టు. ఫెండరు విప్పిన రోజున రెండు పక్కల నంబర్లకూ దగ్గరగా ఫోటోలు తీసి పంపండి. ధర మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.